ఇరవై రెండు డాలర్ల కటింగ్ మెషిన్

పార్శిల్ విప్పగానే ముందు వాసన వచ్చింది. కుట్టుమిషను నూనె, పాత దువ్వెన, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన. పద్నాలుగేళ్లయినా నా ముక్కు దాన్ని మర్చిపోలేదు. పైన మడతపెట్టిన పాత తువ్వాలు, దాని కింద నల్లటి వైరు చుట్టిన కటింగ్ మెషిన్, దాని పళ్లకి తొడిగే ప్లాస్టిక్ తొడుగులు మూడు, నాన్న చేతిరాతతో ఒక చీటీ. "బుజ్జీ, బ్లేడ్లు శుభ్రం చేసి నూనె పెట్టాను. పాప పుట్టు వెంట్రుకలకి ఇది చాలు. కొత్తది కొనకండి. నాలుగో నంబరు తొడుగు విరిగింది, దానితో మనకి పని లేదు."

పాపకి పదకొండో నెల. నెల తక్కువలో పుట్టి పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు మా అమ్మ దాని పుట్టు వెంట్రుకలు దేవుడికి మొక్కుకుంది. రెండు వారాల్లో అమ్మా నాన్నా ఇలినాయ్ నుంచి ఇక్కడికి, మోరిస్‌విల్‌కి వస్తారు. ఆదివారం గుళ్లో పూజ, ఆ పూజకి ముందు మా స్నానాలగదిలో గుండు. అంతా వాళ్లే అనుకున్నారు. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నిర్ణయం నా నెత్తినే పడుతుంది. పాప మధ్యాహ్నం నిద్రలో ఉంది. బేబీ మానిటర్‌లో దాని ఊపిరి వినిపిస్తోంది. ఊపిరి మధ్య కొంచెం ఎక్కువ ఖాళీ వస్తే లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చి, మళ్లీ రాస్తున్నాను. ఈ మెషిన్ గురించి ఎవరికైనా ఒకసారి పూర్తిగా చెప్పాలి. చెప్పకుండా దీన్ని పాప తల దగ్గరికి రానివ్వలేను.

మేం ఏలూరు నుంచి ఇలినాయ్‌లోని షామ్‌బర్గ్ వచ్చింది రెండువేల ఒకటి వేసవిలో. నాకు పదేళ్లు. ఇటుకరంగు గోడల అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్, మధ్యలో చిన్న కుంట, దాని చుట్టూ మనుషుల్ని లెక్కచేయని పెద్ద బాతులు, వాటి పెంటలో కాలు పడకుండా గెంతుతూ స్కూలు బస్సు దాకా వెళ్లే పిల్లలం మేం. తొమ్మిది తెలుగు కుటుంబాలు ఉండేవి. ఏ తలుపు తెరిచినా ఒకటే వాసన, ఇంగువ పోపూ, కార్పెట్‌లో ఇంకిన పాత పులుసూ. సాయంత్రాలు మా ఆటలన్నీ అట్టపెట్టెల్లోనే. ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక యంత్రం కొంటూ ఉండేవాళ్లు కాబట్టి ఆ పెట్టెలతో ఇళ్లు కట్టేవాళ్లం, కిటికీలు కోసేవాళ్లం, కార్పెట్ మీద సుద్దముక్కతో గళ్లు గీసి పిస్తా తొక్కలు గవ్వలుగా వేసి అష్టాచెమ్మా ఆడి, అమ్మలు వచ్చి కార్పెట్ చూసి తిట్టేలోపు అరచేతులతో చెరిపేసేవాళ్లం. వినాయక చవితికి పత్రి దొరక్క కుంట గట్టున మేపుల్ చెట్టు ఆకులు కోసుకొచ్చి పెట్టాం. రైస్ కుక్కర్‌లో ఉడికిన ఉండ్రాళ్ల ఆవిరికి వంటింటి కిటికీ అంతా మసకబారి, దాని మీద వేలితో పేర్లు రాసుకున్నాం.

యంత్రాలు కొనడం ఆ రోజుల్లో సరదా కాదు, భయం. నాన్నతో పాటు వచ్చిన ఇద్దరు అప్పటికే పనిపోయి టికెట్లు కొనుక్కుని వెనక్కి వెళ్లిపోయారు. నాన్న ప్రాజెక్టు నెలనెలా పొడిగిస్తున్నారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. అందుకని ఈరోజు కొంత పెడితే రేపట్నుంచి ఖర్చు తగ్గించే వస్తువు ఏదైనా ఉంటే చాలు, తొమ్మిది ఇళ్ల మగవాళ్లూ దాని చుట్టూ చేరేవాళ్లు. నీళ్ల సీసాలు కొనక్కర్లేకుండా ఫిల్టర్ జగ్గు. లాండ్రీ గదిలో క్వార్టర్ నాణేలు వేయక్కర్లేకుండా బాత్‌టబ్బు మీద పెట్టి చేత్తో తిప్పే చిన్న వాషింగ్ మెషిన్. చపాతీ పిండి కలపడానికి బ్రెడ్ మెషిన్, అందులో బ్రెడ్ చేసినవాళ్లని నేను చూడలేదు. ఇవన్నీ ఒక ఇంట్లో ఉండేవి కావు. సోమవారం మా ఇంట్లో ఉన్న బ్రెడ్ మెషిన్ బుధవారానికి రెండో అంతస్తుకి చేరేది, దాని కడుపులో ఎండిన పిండితో సహా.

వీటన్నిటికీ పెద్ద మూర్తి అంకుల్. మాకంటే ఆరేళ్లు ముందు వచ్చారు. ఆ కాంప్లెక్సులో ఆయన్ని అడక్కుండా చెంచా కొనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన టీషర్టు, జేబులో ఎప్పుడూ కత్తిరించిన కూపన్లు. ఎవరింటికి వచ్చినా ముందు వంటింట్లోకి వెళ్లి పంపు కారుతోందేమో చూసేవారు, చెత్తబుట్ట మూత తీసి ఏం పారేశారో చూసేవారు. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువు కొన్నా దాని డబ్బాని పారేయరు. రసీదుని ఆ డబ్బాకే పారదర్శకమైన టేపుతో అతికించి దాస్తారు. తొంభై రోజుల్లో ఎప్పుడైనా వెనక్కి ఇచ్చేయవచ్చు. మూడు నెలలు వాడుకుని ఫ్యాను తిరిగిచ్చిన మనిషి ఆయన. చలికాలం వస్తోందిగా అనేవారు.

కటింగ్ మెషిన్ కొనిపించింది ఆయనే. ఇరవై రెండు డాలర్లు. "ఒక్కసారి ఇన్వెస్ట్ చెయ్ శీనూ, లైఫ్ లాంగ్ సేవింగ్సే" అన్నారు నాన్నతో. "బార్బర్‌కి టిప్‌తో కలిపి పదిహేను. రెండో కటింగ్‌కే మెషిన్ ఫ్రీ." ఆ తర్వాత ప్రతి ఆదివారం మా స్నానాలగదిలో మంగలి దుకాణమే. టబ్బులో న్యూస్‌పేపర్లు పరిచి, బోర్లించిన బకెట్ మీద ఒక్కొక్క అంకుల్ కూర్చుంటే నాన్న గీసేవాడు. నాన్నకి కుడివైపు చెయ్యి బాగా తిరిగేది, ఎడమవైపు తిరిగేది కాదు. ఆ ఏడాది షామ్‌బర్గ్‌లో ఎడమ చెవి పైన మెట్టుమెట్టుగా జుట్టున్న తెలుగువాడు కనిపిస్తే అతను మా టబ్బులో కూర్చున్నవాడే. బయట హాల్లో తర్వాతివాళ్లు టీ తాగుతూ, ఎవరి కంపెనీలో ఎంతమందిని తీసేశారో చెప్పుకుంటూ ఉండేవాళ్లు.

నా జుట్టు నడుం దాకా ఉండేది. ఏలూరులో మా నాయనమ్మ దాన్ని పెంచింది. ఆదివారం పొద్దున్నే కుంకుడుకాయలు నలగ్గొట్టి నానబెట్టిన గిన్నె, కళ్లలో పడితే నోట్లో పెట్టడానికి ఉప్పుకల్లు, తల ఆరడానికి సాంబ్రాణి పొగ మీద బోర్లించిన వెదురుబుట్ట, ఆ బుట్ట మీద పరిచిన నా జుట్టు, పొగ వెచ్చదనానికి మూసుకుపోయే నా కళ్లు. పేలు అంటే మా వీధిలో మధ్యాహ్నపు కాలక్షేపం. నాయనమ్మ చెక్క పేలదువ్వెన పట్టుకుని మెట్ల మీద కూర్చునేది, నేను ఆమె కింద మెట్టు మీద. పక్కింటి కబుర్లన్నీ అయ్యేసరికి తల శుభ్రం. అమెరికా వచ్చేటప్పుడు మందారాకు వేసి కాచిన నూనె సీసా మూడు కవర్లలో చుట్టి ఇచ్చింది. చెక్కదువ్వెన ఇవ్వడం ఆమె మరిచిపోయింది, అడగడం మేం మరిచిపోయాం.

స్కూల్లో నాకు మాటలు రావు. వినబడేవి, అర్థమయ్యేవి కావు. కానీ ఆటల సమయంలో ఆడపిల్లలు వెనకనుంచి వచ్చి నా జడని చేత్తో పట్టుకుని బరువు చూసేవాళ్లు. వాళ్లు నా దగ్గరికి రావడానికి ఉన్న కారణం అదొక్కటే. ఇంకో తోడు మూర్తి అంకుల్ కూతురు శ్రావ్య. ఇక్కడే పెరిగింది, నా తరగతే. టీచర్ చెప్పిందల్లా నా చెవిలో తెలుగులో చెప్పడం ఆమె పని. ఒకే పుస్తకం మీదకి ఇద్దరం వంగి, తలా తలా ఆనించుకుని కూర్చునేవాళ్లం.

అక్టోబరులో ఒక శుక్రవారం నర్సు నన్ను పక్కకి పిలిచి ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటివి రెండు పట్టుకుని నా జుట్టు విడదీసి చూసింది. చీటీ ఇచ్చి ఇంటికి పంపింది. చీటీ మీద పేను బొమ్మ, కుక్కపిల్లంత పెద్దది. ఒక్క ఈపి కూడా లేకుండా అయితేనే మళ్లీ బడికి రావాలి. నాన్న ఆఫీసులో ఆ రోజే ఇంకొకరిని పంపించేశారట. సెలవు అడిగే పరిస్థితి లేదు, అమ్మకి డ్రైవింగ్ రాదు.

శనివారం పొద్దున మూర్తి అంకుల్‌ని పిలిచారు. ఆయన సోఫాలో కూర్చుని చీటీ చదివారు.

"లోషన్ తెప్పిద్దామండీ, ముగ్గురం రాసుకుంటాం" అంది అమ్మ.

"ఒక్క సీసా చాలదు చెల్లెమ్మా. తనకి ఇంత జుట్టు, మళ్లీ వారానికి ఇంకోసారి రాయాలి. దుప్పట్లు, దిండ్లు అన్నీ లాండ్రీలో వేయాలి. అయినా గ్యారంటీ లేదు" అన్నారాయన. అని, నాన్న వైపు తిరిగి, "ఇంట్లో మెషిన్ పెట్టుకుని ఏం ఆలోచిస్తున్నావ్ శీనూ?"

నాన్న ఆయన చేతిలోంచి చీటీ తీసుకుని మడతపెట్టాడు.

"ఆడపిల్లండీ" అంది అమ్మ.

"ఆడపిల్లలకి గుండు మనవాళ్లకి కొత్తా? ఏడుకొండలవాడికి ఇచ్చామనుకో. మూణ్ణెల్లలో పెరుగుతుంది."

నేను బట్టల అల్మారాలో, కొత్తగా కొన్న చలికోట్ల మధ్యకి దూరాను. నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు, గట్టిగా కాదు. ముందు వంటింటి కత్తెరతో జడ కోశారు. అది తెగడానికి చాలాసేపు పట్టింది, తడిగడ్డి కోసినట్టు శబ్దం. తర్వాత అమ్మ బకెట్ మీద కూర్చుని నన్ను కింద కూర్చోబెట్టి, నా తలని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది. మెషిన్ నుదుటి మీద ఆనగానే నా పళ్లన్నీ వణికాయి. సగంలో వేడెక్కి కాలుతోందని అరిస్తే నాన్న ఆపి, నూనె చుక్కలు వేసి, ఊది, మళ్లీ మొదలుపెట్టాడు. మూర్తి అంకుల్ తలుపు దగ్గర నిలబడి "ఎడమవైపు, ఎడమవైపు వదిలేశావ్" అని చూపించారు. జడని ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి జిప్పు వేసి, వెళ్తూ వెళ్తూ పెద్ద చెత్తడబ్బాలో పడేయడానికి తనే తీసుకెళ్లారు. తలుపు దాటేముందు అన్నమాట నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

"చూశావా శీనూ, మెషిన్ ఈ రోజుతో పైసా వసూల్."

సోమవారం అమ్మ తలకి నూలు గుడ్డ కట్టి పంపింది. గుడ్డ బస్సులోనే జారిపోయింది. తరగతిలోకి వెళ్లగానే అందరూ నా తల వైపు తిరిగారు. మా టీచర్ మోకాళ్ల మీద కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నాకు సిక్, హాస్పిటల్ అన్న రెండు మాటలే తెలిశాయి. ప్రతి మాటా నాకు తెలుగులో చెప్పే శ్రావ్య ఆ రోజు ఏమీ చెప్పలేదు, తన బూట్ల వైపు చూస్తూ నిలబడింది. టీచర్ అంత ప్రేమగా అడుగుతుంటే కాదనడం మర్యాద కాదనిపించి నేను తలూపాను.

బుధవారానికి నా బల్ల మీద కార్డులు. మెరుపుల జిగురుతో గీసిన ఇంద్రధనుస్సులు, గుండెలు, రెక్కల గుర్రాలు. ఉయ్యాల దగ్గరికి కూడా రానివ్వని పిల్ల నాకు ఉయ్యాల వదిలి వెనకనుంచి ఊపింది. ఒకమ్మాయి వాళ్లమ్మ ఊదారంగు ఊలు టోపీ అల్లి పంపింది. అంత మెత్తటి వస్తువు నేను అంతకుముందు తొడుక్కోలేదు. రెండు వారాలు నేను ఆ తరగతికి రాణిని. దేనికో నాకు తెలియదు. గుండు చేయించుకుంటే ఇక్కడ ఇలా చేస్తారు కాబోలు అనుకున్నాను. కార్డులన్నీ మంచం కింద బూట్ల డబ్బాలో దాచి రోజూ లెక్కపెట్టుకున్నాను. ఇరవై మూడు.

తర్వాత టీచర్ ఇంటికి ఫోన్ చేసింది. నాకు క్యాన్సర్ అనుకుని, ఏదైనా సాయం కావాలా, ఏ ఆస్పత్రి అని అడగడానికి. నాన్న స్పీకర్‌లో పెట్టి మాట్లాడాడు.

"నో నో మేడమ్. షి ఈజ్ నాట్ సిక్. ఓన్లీ లైస్. వీ హావ్ మెషిన్ ఎట్ హోమ్." గర్వంగానే చెప్పాడు. అవతల టీచర్ ఓకే అని ఫోన్ పెట్టేసింది.

టీచర్ నన్నేమీ అనలేదు. కానీ తరగతికి ఎలా తెలిసిందో తెలిసింది. నా బల్ల కిటికీ పక్కకి జరిగింది. ఉయ్యాల మళ్లీ దూరమైంది. టోపీ ఇచ్చిన అమ్మాయి నన్ను చూసి తన సొంత టోపీ తీసి బ్యాగులో పెట్టుకుంది. ఇంద్రధనుస్సు గీసిన అబ్బాయి నా దగ్గరికి వచ్చి తన కార్డు వెనక్కి ఇవ్వమని అడిగాడు. మర్నాడు తెచ్చి ఇచ్చేశాను.

ఆ వారమే దీపావళి. మూర్తి అంకుల్ ఇంట్లో అందరి భోజనాలు. బయట బాణాసంచా కాల్చనివ్వరు కాబట్టి బాల్కనీ నిండా చిన్న కొవ్వొత్తులు, లోపల తొమ్మిది ఇళ్ల గిన్నెలు, పులిహోర మీద పులిహోర, గుత్తివంకాయ, అల్యూమినియం ట్రేలో గులాబ్‌జామ్‌లు, హీటర్ వేడికి చెమటపట్టిన పట్టుచీరల వాసన. మూర్తి అంకుల్ కొత్తగా కొన్న మెషిన్ డెమో ఇస్తున్నారు. సంచీలో గాలి పీల్చేసి మూతి అతికించే మెషిన్. కరివేపాకు అందులో పెట్టి "ఆరు నెలలు ఫ్రెష్‌గా ఉంటుంది" అంటుంటే అంకుల్సందరూ గుండ్రంగా నిలబడి చూస్తున్నారు, సగం మందికి ఎడమ చెవి పైన మెట్లు.

నేను స్నానాలగదికి వెళ్లాను. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు లేదు. సింకు కింద తలుపు తీస్తే ఆయన డబ్బాలు, వరసగా, రసీదులతో. ముందున్న డబ్బా మీద బంగారురంగు జుట్టున్న అమ్మాయి బొమ్మ, ఆమె తలలో దువ్వెన, మూలన పేను బొమ్మ. స్కూలు చీటీ మీద ఉన్నదే. తెరిచి చూశాను. బ్యాటరీతో పనిచేసే పేలదువ్వెన. దాని పళ్ల మధ్య పొడవాటి నల్లటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఆ ఇంట్లో అంత జుట్టు శ్రావ్యదొక్కటే. నెల ముందు, రోజు తర్వాత రాసే ఇక్కడి పద్ధతి అప్పటికి నాకు వచ్చేసింది. రసీదు మీద తేదీ చదివాను. నా గుండుకి మూడు వారాల ముందు.

నాకు చెమటలు పట్టలేదు, ఏడుపు రాలేదు. చాలా హాయిగా అనిపించింది. ఆ డబ్బా పట్టుకుని హాల్లోకి వెళ్లి, అందరి మధ్య నుంచి దారి చేసుకుని, కరివేపాకు సంచీ పక్కన బల్ల మీద పెట్టాను.

"అంకుల్, దీని డెమో కూడా ఇవ్వండి."

అందరూ నవ్వారు. సుజాత ఆంటీ, మూర్తి అంకుల్ భార్య, గబగబా వచ్చి "అది డర్టీ బుజ్జీ, లోపల పెట్టేసి రా" అంది. అప్పటికే మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి డబ్బా చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి రసీదు చదివింది. అప్పటిదాకా ఆయన్ని అన్నయ్యగారూ అనేది.

"మూర్తిగారూ, ఇది మీరు మా అమ్మాయికి గుండు కొట్టించడానికి మూడు వారాల ముందు కొన్నారు. మీ ఇంట్లో ముందే ఉన్నాయన్నమాట."

"రిటర్న్ చేద్దామని ఉంచాను చెల్లెమ్మా. సరిగ్గా పనిచేయలేదు."

వెనకనుంచి ఎవరో అంకుల్ అందుకున్నారు. "పనిచేయకపోతే మరి శ్రావ్య జడ ఎలా మిగిలింది గురూ?"

ఈసారి నవ్వు వేరే రకంగా వచ్చింది. మూర్తి అంకుల్ ముఖం మీద ఆ నవ్వు ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. ఆయన మెషిన్ ప్లగ్గు తీశారు.

"నాకు మా అమ్మాయైనా మీ అమ్మాయైనా ఒకటే. శీనూ, వెళ్లి నీ కటింగ్ మెషిన్ తీసుకురా."

మా ఇల్లు పార్కింగ్ స్థలానికి అవతల. నాన్న చెప్పులేసుకుని వెళ్లాడు, వచ్చాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాల్లో తొమ్మిది కుటుంబాల వాళ్లూ అక్కడే ఉన్నారు. పక్కవాళ్లు ఆపుతారని ప్రతివాళ్లూ అనుకున్నారు. అమ్మ కూడా నోరు తెరవలేదు.

"డాడీ, నో. నాకు పేలు పోయింది. చూడు డాడీ, పోయింది" అంటూ శ్రావ్య తన జడ విప్పి చూపిస్తోంది. సుజాత ఆంటీ ఆమె తల పట్టుకుంది, మూర్తి అంకుల్ మెషిన్ ఆన్ చేశారు. నా ముందు కూర్చున్నవాళ్లని జరగమని నేను ముందుకి వెళ్లి కూర్చున్నాను. మెషిన్ ఎక్కడ కాలుతుందో, ఎప్పుడు కాలుతుందో నాకు తెలుసు కాబట్టి, సరిగ్గా అప్పుడే ఆమె అరవడం విన్నాను. నా చేతిలో గులాబ్‌జామ్ గిన్నె ఉంది. రెండు తిన్నాను. పాకంలో ఏలకులు ఎక్కువయ్యాయి. ఆ రుచి నాకు చాలా నచ్చింది. పశ్చాత్తాపపడ్డానని ఇక్కడ రాయగలను, కానీ అది అబద్ధం. నా చిన్నతనంలో అంత సంతోషంగా గడిచిన దీపావళి ఇంకొకటి లేదు.

ఆ చలికాలమంతా ఆ తరగతిలో రెండు గుండ్లు ఉండేవి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి తలుపు దగ్గర. తలకి టోపీ ఉన్నా ఇలినాయ్ గాలి చెవుల పైనుంచి దూరి పుర్రెని గట్టిగా పట్టుకునేది. మేం మళ్లీ మాట్లాడుకోలేదు. తరగతికి అప్పటికే సంగతి తెలుసు కాబట్టి శ్రావ్యని ఎవరూ ఏమీ అడగలేదు. బ్రెడ్ మెషిన్ ఎవరింట్లో ఆగిందో అక్కడే ఆగిపోయింది. ఆదివారాలు మా టబ్బులోకి మనుషులు రావడం తగ్గింది. నాన్న తన జుట్టు తనే రెండు అద్దాలు పెట్టుకుని కత్తిరించుకున్నాడు, ఈ పార్శిల్ పంపేదాకా.

రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో శ్రావ్య కనిపించింది. ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తోందట. జడ నడుం దాటి ఉంది, పూలతో. భోజనాల వరసలో ఆమె వెనక నిలబడి, చాలాసేపు తటపటాయించి, ఆ దీపావళి రోజు నేను చేసింది తప్పేనని అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, గరిటె కిందపెట్టి, అమెరికన్ యాసలో ఒక్కో మాటా విడిగా అంది.

"నీకు కార్డ్స్ వచ్చింది. నాకు రాలేదు."

అని పప్పు వడ్డించుకుని వెళ్లిపోయింది. అంటే నేను మూర్తి అంకుల్‌ని ఎలా చూస్తానో ఆమె నన్ను అలా చూస్తోంది. ఆమెకి ఆ హక్కుంది.

ఇప్పుడా కాంప్లెక్స్‌లో మేం ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. తొమ్మిది కుటుంబాలూ తొమ్మిది ఊళ్లలో సొంత ఇళ్లు కొనుక్కున్నాయి, ఎవరి వాషింగ్ మెషిన్ వాళ్లకుంది, ఎవరి అల్మారాలో వాళ్ల బ్రెడ్ మెషిన్ దుమ్ము పట్టి ఉంది. పిండి అంటిన గిన్నెతో తలుపు కొట్టేవాళ్లు లేరు. మోరిస్‌విల్‌లో మా పక్కింటివాళ్లది తెనాలి, వాళ్ల వంటింట్లో ఏముందో నాకు తెలియదు. ఏలూరులో చెక్క పేలదువ్వెన ఏమైందని అడుగుదామంటే నాయనమ్మ లేదు. ఆ మధ్యాహ్నాలు నాకు కావాలి. వాటితో పాటు వచ్చే మనుషులు అక్కర్లేదు.

మూర్తి అంకుల్ లెక్క ఆ రాత్రే తీరింది. ఆదివారాలు మా టబ్బు ఖాళీ అవడంతో నాన్న లెక్క సగం తీరింది. అమ్మదే తీరలేదు. పాపకి తలస్నానం చేయించేటప్పుడు సబ్బు కళ్లలో పడకుండా నేనూ దాని తలని మోకాళ్ల మధ్యే పట్టుకుంటాను. అది గింజుకుంటూ అరుస్తుంది. నేను వదలను. ఆ సమయంలో నా మోకాళ్లు ఎవరివో నాకు తెలుసు.

ఈ సాయంత్రం ఫోన్ చేశాను. నాన్న ఎత్తాడు.

"పార్శిల్ అందిందా బుజ్జీ?"

"అందింది. నాన్నా, పుట్టు వెంట్రుకలు తియ్యట్లేదు."

"పోనీ, పదమూడో నెలలో పెట్టుకుందాం."

"ఏ నెలలోనూ కాదు. దానికి మాటలొచ్చాక, అది అడిగితే తీయిస్తాను."

"మెషిన్ బాగానే పనిచేస్తోంది కదమ్మా."

"చేస్తోంది. అప్పుడు నన్నెవరూ అడగలేదు నాన్నా."

"అప్పుడు ప్రాజెక్టు పోయేలా ఉంది బుజ్జీ."

"తెలుసు."

నిజంగానే తెలుసు. నాకూ ఇప్పుడు బిడ్డ ఉంది, జీతం ఆగితే ఏమవుతుందోనన్న భయం నాకూ ఉంది. తెలిసినంత మాత్రాన నా తల మీద ఆ వేడి తగ్గలేదు. ఇంతలో అమ్మ ఫోన్ లాక్కుంది.

"మొక్కుకున్నానే. అద్దాల పెట్టెలో పిల్ల వైర్లతో పడుంటే మొక్కుకున్నాను. దేవుడి దగ్గర మాట తప్పుతామా?"

"మొక్కుకుంది నువ్వు. నీ జుట్టు ఇవ్వమ్మా."

అనేశాక ఫోన్‌లో వాళ్లింటి ఫ్రిజ్ చప్పుడు కూడా వినిపించింది. అమ్మకి యాభై ఒకటి. ముందువైపు కొంచెం పలచబడింది గానీ ఇప్పటికీ బారెడు జడ. పండగలకి ఎవరైనా ఫోటో తీస్తుంటే దాన్ని ముందుకి వేసుకుంటుంది.

"సరే" అంది. "ఇస్తాను. నువ్వే చెయ్యి."

ఆమె నేను ఏదైనా అంటానని ఆగింది. పాప నా ఒళ్లో కూర్చుని తన జుట్టు తనే గుప్పిట్లో పట్టుకుని లాక్కుంటోంది. వద్దమ్మా అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అనలేదు. రెండు వారాలు టైముంది. అప్పటికైనా అంటానో లేదో నాకు తెలియదు.